ఎడమ పక్క డ్రమ్ములు

ఓస్లో,
3 మార్చి 1994

రాన్‌వైగ్ అక్కకి,

నువ్వు పంపిన ఎండు చేపల పొట్లం అందింది. పోస్టాఫీసు ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, మొహం పక్కకి తిప్పుకుని నా చేతిలో పెట్టింది. ఇల్లంతా ఇప్పుడు మన స్కార్వోయ వాసనే.

స్వీడన్ యాత్ర ముగిసింది. తొమ్మిది ఊళ్ళు. అన్నిటికంటే ఎక్కువమంది వచ్చిన చోట డెబ్బై మంది, తక్కువ వచ్చిన చోట పదకొండు మంది. ఆ పదకొండో మనిషి హీటరు బాగుచెయ్యడానికి వచ్చినవాడు. అయినా చివరిదాకా కూర్చున్నాడు, అది ఒప్పుకోవాలి.

అసలు సంగతి హాల్డోర్ గురించి. మేం ముగ్గురం, నేను డ్రమ్ములు, అతను శాక్సఫోన్, ప్రేబెన్ నిలువెత్తు ఫిడేలు లాంటి డబుల్ బాస్, ఇరవై ఒక్క ఏళ్ళుగా ముందు ఏమీ అనుకోకుండా వేదికెక్కి అప్పటికి ఏది పుడితే అది వాయిస్తున్నాం. రాగమూ లేదు తాళమూ లేదు అని నువ్వు వెక్కిరిస్తావు. కానీ ఒక కట్టుబాటుంది. ఒకడు ఒకటంటే ఇంకొకడు దానికి బదులివ్వాలి. ఏడాదిన్నరగా హాల్డోర్ నాకు బదులివ్వడం లేదు. ప్రేబెన్‌కి ఇస్తాడు. నేను ఎంత మోగించినా గోడకి చెప్పినట్టే. యోటెబోరిలో ఒళ్ళు మండి, కర్రలు ఒళ్ళో పెట్టుకుని కచేరీ అంతా ఊరికే కూర్చున్నాను. అతను తిరిగి చూడనైనా చూడలేదు. మర్నాడు పేపర్లో ఏం రాశారో తెలుసా? 'ఈ ముగ్గురూ ఇంత సాహసం ఎన్నడూ చెయ్యలేదు' అని.

పోనీ అడుగుదామంటే మా నియమం అడ్డం. వాయించింది దేని గురించీ తర్వాత మాట్లాడకూడదు. నువ్వు అతని పక్కింటిదానివి. కాస్త కనిపెట్టి చూడు. ఒక ఫిన్లాండ్ డ్రమ్మరు పేరు ఈమధ్య రెండుసార్లు అతని నోట విన్నాను. నా చోట ఇంకెవరినైనా కూర్చోబెట్టే ఆలోచన ఉంటే ముందే తెలియడం మంచిది.

చేపలు నములుతూ,
శూర్

*

స్కార్వోయ,
14 మార్చి 1994

తమ్ముడికి,

యాభై దగ్గర పడుతున్నా నీ అలకలు తగ్గలేదు. చిన్నప్పుడు తెడ్డు ఇవ్వలేదని పడవలో అటు తిరిగి కూర్చునేవాడివి, గుర్తుందా? ఇప్పుడు కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నావు.

నేను వాయించే చర్చి ఆర్గన్‌లో రెండు గొట్టాలు చలికి మూగబోయాయి. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. పాస్టరు గారైతే ఈ మధ్య చాలా నెమ్మదిగా, హాయిగా వాయిస్తున్నానని మెచ్చుకున్నాడు కూడా. మీ పేపరువాళ్ళకీ ఈయనకీ పెద్ద తేడా లేదు.

హాల్డోర్ బాగానే ఉన్నాడు. ఫిన్లాండ్‌వాడూ లేడు, ఇంకెవడూ లేడు. గొర్రెలు, శాక్సఫోన్, సహకార దుకాణంలో కాఫీ, అంతే. కాకపోతే మనిషి కొంచెం పరధ్యానంగా ఉంటున్నాడు. మొన్న మంచులో వాళ్ళ ఆడగొర్రె మా కంచెలో ఇరుక్కుని ఒకటే అరుపు. అతనికి ఎడమ పక్కనే ఉంది, పదడుగుల దూరంలో. ఈయన కుడి పక్కకి తిరిగి సముద్రంకేసి నడిచాడు! నేను కిటికీలోంచి కేకవేస్తే అప్పుడూ సముద్రంకేసే చూశాడు. నవ్వలేక చచ్చాను.

ఆ నియమం గురించి ఒక మాట. అది ఎవరు పెట్టారో మర్చిపోయావా? నేనే. 1973లో మన పడవల కొట్టంలో మీరు మొదటిసారి వాయించిన రోజు, ఎవడు ఎక్కడ పాడుచేశాడని మూడు గంటలు కొట్టుకున్నారు. ప్రేబెన్ పెట్టె సర్దుకుని ఫెర్రీకి బయలుదేరాడు. నేను వాఫుల్స్ అట్లు కాల్చి తీసుకొచ్చి, "వాయించిందాని గురించి ఇంకొక్క మాట మాట్లాడితే ఎవడికీ జామ్ పెట్టను, నోరుమూసుకుని తినండి" అన్నాను. అంతే. దాన్ని పట్టుకుని ఇరవై ఏళ్ళు వేదంలా పాటిస్తారని నేనేమైనా కలగన్నానా?

చలికి చేతులు వంగక ఇక్కడితో ఆపుతున్నాను.
రాన్‌వైగ్

*

కోపెన్‌హాగెన్,
2 ఏప్రిల్ 1994

అక్కకి,

వాఫుల్స్ నాకూ గుర్తున్నాయి. కానీ నియమం పెట్టింది హాల్డోరే. ఒక జర్మన్ పత్రిక మా మౌనం గురించి ఆరు పేజీలు వేసింది. అందులో నేనే చెప్పాను, ఇది హాల్డోర్ ఆలోచన అని. ఇప్పుడు అది జామ్ కోసం అని ఎలా చెప్పను?

ఇక్కడ ప్రేబెన్ ఇంట్లో దిగాం. అతని మాట సగం ఇప్పటికీ అర్థం కాదు. డెన్మార్క్‌వాళ్ళు నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడతారని నువ్వన్నది నిజం. ప్రేబెన్ భార్య పంది మాంసం వేయించి పెట్టింది. బల్ల దగ్గర ఎప్పుడూ నేను హాల్డోర్‌కి ఎడమ పక్కన కూర్చుంటాను. ఈసారి నేను కుర్చీ లాక్కోబోతే, అతను లేచి వెళ్ళి తన ఎడమ పక్కన గోడ తప్ప ఏమీ లేని చోటు చూసుకుని కూర్చున్నాడు. అందరి ముందూ! నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భోజనం సగంలో ఉండగా ప్రేబెన్ భార్య జాలిపడి నాకు ఇంకో ముక్క వడ్డించింది.

గొర్రెల కథలు ఆపి, అతన్ని సూటిగా అడుగు. నేనేం తప్పు చేశానో నీకైనా చెబుతాడేమో.

నీ మాట కోసం చూస్తూ,
శూర్

*

స్కార్వోయ,
20 ఏప్రిల్ 1994

శూర్,

అడిగాను. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ తాగుతూ అడిగాను. చెప్పాడు. కానీ నీకు చెప్పకూడదని నా దగ్గర మాట తీసుకున్నాడు. నేను ఇచ్చేశాను.

నువ్వేం తప్పూ చెయ్యలేదు. ఇంతకంటే అడగకు. నాకు అబద్ధాలాడటం రాదు, ఇచ్చిన మాట తప్పడం అంతకంటే రాదు.

ఒకటి మాత్రం చెబుతాను. వేదిక మీద నువ్వు ఎప్పుడూ అతనికి ఎడమ పక్కనే ఎందుకు కూర్చుంటావు? ఈసారి అవతలి పక్కకి మారి చూడు. మార్పు మంచిది.

వాతావరణం బాగుంది. గొర్రెలు ఈనుతున్నాయి.

రాన్‌వైగ్

*

ఓస్లో,
1 మే 1994

అక్కకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు చెప్పకూడని సంగతి అతను నీకు చెప్పాడు. నువ్వు అతని పక్షాన మాటిచ్చావు. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? 'మార్పు మంచిది' అని కూడా రాశావు. నొప్పి తెలియకుండా పన్ను పీకే డాక్టర్లు ఇలాగే మాట్లాడతారు.

పక్క మారమంటావా? కొట్టంలో కుడి పక్క నాన్న పడవ ఉండేది, అందుకని ఎడమ పక్క కూర్చున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళు ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా అక్కడే కూర్చున్నాను. మేం వెళ్ళే చోటుకి ముందే పంపే వేదిక పటంలో డ్రమ్ముల గుర్తు ఎడమ పక్కనే ఉంటుంది. నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఆరడుగుల చోటు. పెళ్ళి నిలబడలేదు, పిల్లలు లేరు. నీకు తెలియంది కాదు.

జూన్‌లో మన చర్చికి నూట యాభై ఏళ్ళు నిండిన సందర్భపు కచేరీకి ఒప్పుకున్నాం కాబట్టి వస్తాను. అదే నా చివరిది. తప్పుకుంటున్నానని హాల్డోర్‌కి ఉత్తరం రాసి కోటు జేబులో పెట్టుకున్నాను. కచేరీ అయ్యాక అతని చేతికిస్తాను. ఆపడానికి చూడకు. నాకు చాలా బాధగా ఉంది, దాచుకోను.

శూర్

*

స్కార్వోయ,
12 మే 1994

తమ్ముడికి,

ఆపను. రా.

వేదిక మాత్రం నేనే ఏర్పాటు చేస్తాను. మీ పటం అందింది, కానీ ఆర్గన్ మరమ్మతు నిచ్చెనలు ఎడమ పక్క అడ్డంగా ఉన్నాయి. అందుకని నీ డ్రమ్ములు కుడి పక్క, బాప్తిస్మపు తొట్టి దగ్గర పెట్టిస్తాను. గొణగకుండా కూర్చో. ఆ ఉత్తరం కచేరీ అయ్యేదాకా బయటికి తీయకు. అక్కగా ఈ ఒక్కటీ అడుగుతున్నాను.

నీ పక్క దులిపి ఉంచుతాను.
రాన్‌వైగ్

*

మోల్డె,
27 జూన్ 1994

అక్కకి,

నీతో ఒక్క మాటైనా చెప్పకుండా పొద్దున్నే ఫెర్రీ ఎక్కేశాను. అందుకే రాస్తున్నాను.

నిచ్చెనలు ఎక్కడా లేవు. చర్చిలో అడుగు పెట్టగానే అది చూశాను. ఆర్గన్ దగ్గర నువ్వు అమాయకంగా కూర్చుని ఉన్నావు. ఇదేదో కుట్ర అనుకున్నాను, కోపంతో తొట్టి పక్కన కూర్చున్నాను. ఎలాగూ చివరిది కదా అని మొదట్లో ఏమీ వాయించలేదు. హాల్డోర్, ప్రేబెన్ మొదలుపెట్టారు. విసుగొచ్చి డ్రమ్ము అంచు మీద గోటితో గీకాను. ఎవరి కోసమూ కాదు, చెయ్యి ఊరుకోక.

హాల్డోర్ తిరిగాడు. మనిషంతా తిరిగాడు. ఆ గీకుడుకి అంతే సన్నగా బదులిచ్చాడు.

పొరపాటు అనుకున్నాను. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాన్ని వేలితో తాకాను. దాన్నీ అందుకున్నాడు. ఇరవై నెలలైంది అతను నాకు బదులిచ్చి. అప్పుడు కంచెలో ఇరుక్కున్న గొర్రె గుర్తొచ్చింది. బల్ల దగ్గర గోడ గుర్తొచ్చింది. చిన్న డ్రమ్ము చంకన పెట్టుకుని లేచాను. అతని వెనక నుంచి నడిచి ఎడమ పక్కకి వెళ్ళి గట్టిగా కొట్టాను. ఏమీ లేదు. రెప్ప కూడా కదల్లేదు. కుడి పక్కకి వచ్చి మెల్లగా తట్టాను. వెంటనే జవాబు. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. మూడుసార్లూ అంతే.

మామూలు బ్యాండులో అయితే ఒకడికి చెవి వినపడటం లేదని రెండు నిమిషాల్లో బయటపడేది. పాట తప్పుతాడు, అందరూ నవ్వుతారు, డాక్టరు దగ్గరికి పంపుతారు. మా వాయింపులో తప్పు అనేదే లేదు. అందుకే నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. పైగా దాన్ని సాహసం అని పేపర్లో పొగిడారు.

కచేరీ అయ్యాక పాస్టరు గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆ మూడుసార్ల నడక! పేతురు మూడుసార్లు ప్రభువుని ఎరగనన్నాడే, అది కళ్ళకి కట్టించారండీ" అన్నారు.

ఫెర్రీలో ప్రేబెన్‌ని అడిగాను. "హాల్డోర్‌కి ఎడమ చెవి వినపడదు, తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదైంది."

"ఏడాదా! మరి నాకు చెప్పలేదేం?"

"వాయించినదాని గురించి మాట్లాడకూడదు కదయ్యా. నువ్వే జర్మన్ వాళ్ళకి ఆరు పేజీలు చెప్పావు."

అతన్ని సముద్రంలోకి తోసేద్దామనిపించింది. పేకాటకి కాగితం కావాలన్నాడు. కోటు జేబులో ఉన్న ఉత్తరం తీసిచ్చాను. కవరు వెనక పాయింట్లు రాసుకున్నాడు. నేనే ఓడిపోయాను.

ఇంక అతనికి ఏం చెప్పను? చెప్పు.

నీ తమ్ముడు,
శూర్

*

స్కార్వోయ,
4 జూలై 1994

శూర్,

నువ్వు చంకన డ్రమ్ముతో నడుస్తుంటే నా గుండె ఆగినంత పనైంది. నిచ్చెనల గురించి జీవితంలో మొదటిసారి అబద్ధమాడాను. దేవుడు చర్చిలోనే పట్టించాడు.

ఇప్పుడు నీకు నీ అంతట తెలిసింది కాబట్టి మిగతాది చెప్పవచ్చు. ఆ చెవి ఒక్క వారంలో పోయిందట, జ్వరం వచ్చి. కాఫీ తాగుతూ నాతో ఏమన్నాడంటే, "శూర్ నా ఎడమ పక్కే ఉంటాడు రాన్‌వైగ్. తెలిస్తే వాడు నాతో వాయించడం మానేసి నా కోసం వాయిస్తాడు. మంచం పట్టినవాణ్ణి చూడ్డానికి వచ్చినట్టు. అది నేను భరించలేను. వాడు కోప్పడితే కోప్పడనీ." నువ్వు అతన్ని వదిలేస్తావని కాదు అతని భయం. నువ్వు జాలిపడతావని.

అందుకే అతనికి ఏమీ చెప్పకు. కుడి పక్క కూర్చో. నీ ఇష్టం వచ్చినట్టు వాయించు, అతను తప్పుకోవాలనిపించేంత గట్టిగా వాయించు. ఈ ఒక్కసారికి మీ పిచ్చి నియమం పనికొస్తుంది.

నీ కోపమంతా ఎంత ప్రేమో నాకు ముందే తెలుసు.

రాన్‌వైగ్

*

ఓస్లో,
19 నవంబర్ 1994

అక్కకి,

కొత్త వేదిక పటం గీశాను. డ్రమ్ములు కుడి పక్క. ముగ్గురం సంతకం పెట్టాలి కాబట్టి హాల్డోర్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు. "నీకు ఆ పక్క గాలి ఎక్కువ తగులుతుందేమో" అన్నాడు. "పరవాలేదు, స్వెట్టర్ ఉంది" అన్నాను. సంతకం పెట్టాడు. అంతే జరిగింది. నేను కనిపెట్టానని అతను కనిపెట్టాడో లేదో తెలియదు.

పేపర్లవాళ్ళకి మాత్రం నచ్చలేదు. మునుపటి దూరం, చల్లదనం పోయాయట. 'ముసలి దంపతుల్లా ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు' అని రాశారు. ఆ ముక్క కత్తిరించి నీకు పంపుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు బాగా నచ్చిన సమీక్ష ఇదే.

చలికోటు కొనుక్కోమని పోరకు, కొన్నాను.
శూర్

*

స్కార్వోయ,
8 సెప్టెంబర్ 1999

తమ్ముడికి,

తుంటి ఆపరేషన్ బాగానే అయింది కానీ ఇంకా కర్ర పట్టుకునే నడక. బెర్గెన్ కచేరీకి రాలేను.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు తెలియనట్టే ఉంటావు. హాల్డోర్ కుడి చెవి కూడా పోయింది. నిన్న వచ్చి మా వంటింట్లో కూర్చుంటే, నేను పలక మీద రాసి మాట్లాడాను. బెర్గెన్ చివరిది అన్నాడు. గొర్రెల్ని కూడా అమ్మేశాడు. "అవి అరిచేది వినపడకపోతే అవి నావి ఎలా అవుతాయి" అన్నాడు. చాలా బాధేసింది నాకు. వెనక్కి తిరిగి గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. వినపడదు కదా అని గట్టిగానే ఏడ్చాను.

ఇప్పుడు ఇది విను. ఆ నియమం పెట్టింది నేను. తీసేసే హక్కు కూడా నాదే. ఈ రోజుతో తీసేశాను. బెర్గెన్‌లో ఏం చేస్తారో మీ ఇష్టం.

అతనికి కొత్త ఉన్ని మేజోళ్ళు అల్లి ఇచ్చాను. నీకూ ఒక జత పంపుతున్నాను.

రాన్‌వైగ్

*

బెర్గెన్,
17 అక్టోబర్ 1999

అక్కకి,

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి వాయించాం. నూట నలభై మంది వచ్చారు. బయట వాన. ఇక్కడ ఇంకేం ఉంటుంది!

వేదిక చెక్కది, పాతది. హాల్డోర్ వచ్చి బూట్లు విప్పేశాడు. నువ్వు అల్లిన మేజోళ్ళతో నిలబడి, కుడి పాదాన్ని నా పెద్ద డ్రమ్ముకి ఆనించాడు. ప్రేబెన్ ఏమీ అనకుండా తన బాస్ తీసుకొచ్చి, దాని కింది ముల్లు హాల్డోర్ నిలబడ్డ చెక్కలోనే గుచ్చాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముప్పావుగంట వాయించాం. ప్రతి దెబ్బకీ అతను కాలితో విని నోటితో బదులిచ్చాడు. నేను అతని కోసం వాయించలేదు. ఒట్టు. ఒకచోట కావాలని గొడవపెట్టుకున్నాను, అతనూ ఊరుకోలేదు.

ఆ తర్వాత వెనక గదిలో కాఫీ తాగుతున్నాం. ఎప్పటిలాగే నేను వాన గురించి, ప్రేబెన్ రైలు గురించి. హాల్డోర్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి, తన గొంతు తనకి వినపడదు కదా, గది అదిరేలా అడిగాడు:

"ఎలా వాయించాం?"

ప్రేబెన్ కప్పు కింద పెట్టేశాడు. ఇరవై ఆరేళ్ళలో మాలో ఎవరమూ ఆ మాట అడగలేదు. ఈసారి అతనికి తెలుసుకోవడానికి వేరే దారి లేదు.

వేదిక పటం వెనక్కి తిప్పి పెన్సిల్ అందుకున్నాను. ముందు 'బాగుంది' అని రాసి కొట్టేశాను. అది జాలి మాట. అతను ఎక్కడ మొదలుపెట్టాడో, నేను ఎక్కడ అడ్డం వచ్చానో, ప్రేబెన్ ఎక్కడ ఇద్దర్నీ వదిలేసి వెళ్ళిపోయాడో, పదిహేనో నిమిషంలో అతని శ్వాస ఒక్కటే ఎలా వినిపించిందో, అంతా రాశాను. కాగితం చాలక ప్రేబెన్ దగ్గర టిక్కెట్టు కవరు లాక్కున్నాను. హాల్డోర్ వేలు పెట్టుకుని లైను లైనుగా చదివాడు. ఒకచోట ఆగాడు.

"కాదు," అన్నాడు. "అక్కడ అడ్డం వచ్చింది నువ్వు కాదు, నేను."

'నువ్వు కాదు, నేనే' అని రాశాను.

"ఇద్దరూ కాదు," అన్నాడు ప్రేబెన్. తనే పెన్సిల్ లాక్కుని తన డేనిష్ భాషలో ఏదో గీకాడు. అతని మాటలాగే అదీ సగమే అర్థమైంది.

తర్వాత ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు. 1973లో ఆపిన చోట మొదలుపెట్టాం. మూడు గంటలు కొట్టుకున్నాం అక్కా, హాల్డోర్ అరుస్తూ, మేం రాస్తూ. హాలు ఊడ్చే ఆవిడ రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్ళిపోయింది. వాఫుల్స్ తెచ్చి మమ్మల్ని ఆపేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

కొత్త మేజోళ్ళలో,
శూర్